కంచె లేని కొండ ఇల్లు

సముద్రమట్టానికి దాదాపు 1,850 మీటర్ల ఎత్తున ఉన్న కూనూరులో సమతలమైన నేల బహు అరుదు. ఇళ్ళు వాలును పట్టుకొని నిలబడతాయి. వాటి వెనుక తేయాకు తోటలు మెట్లు మెట్లుగా లోయలోకి దిగిపోతాయి. తోట ముగిసిన చోట షోలా అడవి మొదలవుతుంది. మధ్యాహ్నం వాలితే చాలు, దిగువ నుండి పొగమంచు ప్రాకివచ్చి తోటకూ అడవికీ మధ్య ఉన్న ఆ కాస్త హద్దునూ చెరిపివేస్తుంది.

ఈ కొండలకు కుక్కతో విహారానికి రావడం కొత్త ముచ్చటేమీ కాదు. 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు ఇక్కడికి వేటకుక్కలనే తెచ్చుకొని ఊటీ పచ్చికబయళ్ళలో నక్కల వెంట పరుగెత్తించారు. ఆ బంగళాల కుక్కలను రాత్రివేళ చిరుతపులి ఎత్తుకుపోవడమూ అంత పాత సంగతే. పట్టణం పెరిగింది, తోటలు పెరిగాయి, చిరుత అలవాటు మాత్రం మారలేదు. ఊరి అంచున తిరిగే చిరుతకు కుక్క కంటే సులువైన ఆహారం లేదు.

హైదరాబాదుకు చెందిన ఆ దంపతులకు ఈ విషయం తెలియకపోలేదు. భర్త పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి; భార్య ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయిని. పిల్లలు విదేశాలలో స్థిరపడ్డాక ఇంట్లో మిగిలినది భైరవుడనే తొమ్మిదేళ్ళ లాబ్రడార్. దానిని మే నెల ఎండలో ఎవరికో అప్పగించి వెళ్ళడానికి మనసొప్పక, ఇంటర్నెట్‌లో వెదకి వెదకి, కూనూరు శివారున ఒక అద్దె ఇంటిని మూడు రాత్రులకు కుదుర్చుకున్నారు. అద్దె 21,000 రూపాయలు, ముందుగానే చెల్లించారు. ప్రకటనలో మూడు మాటలున్నాయి: పెంపుడు కుక్కలకు స్వాగతం, చుట్టూ కంచె గల తోట, కుక్క ఇంటిలో స్వేచ్ఛగా తిరుగవచ్చు. ఇనుప వల కంచె పక్కన పచ్చికలో పడుకున్న కుక్క ఫొటో కూడా ఉంది. ఆమెను నమ్మించినది ఆ ఫొటోయే.

ప్రయాణం సుదీర్ఘమైనది. మొదటి రాత్రి మైసూరులో ఆగవలసి వచ్చింది. ఎందుకంటే బందీపూర్ అడవి గుండా పోయే రహదారిలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 వరకు వాహనాలపై 2009 నుండి నిషేధం ఉంది. నీలగిరికి వచ్చే పర్యాటక వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అని మద్రాసు హైకోర్టు ఆదేశించడంతో 2024 మే 7 నుండి ఆ పద్ధతి మొదలైంది. దానినీ ముందే తీసుకున్నారు. బందీపూర్, ముదుమలై దాటుతున్నంతసేపూ భైరవుడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, తన జన్మలో ఎరుగని వాసనలను ఆఘ్రాణిస్తూ కూర్చుంది. గూడలూరు, పైకారా, ఊటీల మీదుగా కూనూరు చేరేసరికి నాలుగు గంటలు.

ఇల్లు అందంగానే ఉంది. కంచె లేదు.

లోయ వైపు పాతిన నాలుగు రాతి స్తంభాలలో రెండు ఒరిగిపోయి ఉన్నాయి. ఈశాన్య ఋతుపవనాల వానకు ఆ వాలు జారిందనీ, వలతో సహా కంచె తోటలోకి కొట్టుకుపోయిందనీ కాపలా మనిషి తమిళంలో చెప్పాడు. అంతకంటే పెద్ద విశేషం తలుపు దగ్గర ఎదురైంది. కుక్క లోపలికి రాకూడదట. వెనుక వరండాలో కట్టివేయాలట. యజమాని ఫోనులో ఎంతో మర్యాదగా మాట్లాడాడు: “సార్, కుక్కలకు స్వాగతం అన్నాం. సోఫా మీదికి అనలేదు కదా!”

“స్వేచ్ఛగా తిరుగవచ్చు అని వ్రాశారు కదండీ,” అన్నాడు భర్త.

“అది పాత ప్రకటన సార్.”

కాపలా మనిషి అంతవరకూ మౌనంగా నిలబడి, ఫోను పెట్టేశాక మెల్లగా అన్నాడు: “అయ్యా, చీకటి పడ్డాక దాన్ని వరండాలో కట్టకండి.” అతని గది మెట్ల దగ్గర ఒక గొలుసు వ్రేలాడుతోంది. దాని కుక్క కిందటి నెల పోయింది. యజమానికి తెలియకుండా సామాన్ల గది తెరుస్తానని కూడా అన్నాడు గాని, అతని ఉద్యోగానికి ముప్పు వస్తుందని భర్త వద్దన్నాడు. ఆ రాత్రి ఆమె ఇంటిలో, ఆయనా భైరవుడూ కారులో పడుకున్నారు. హైదరాబాదులో ఫ్యాను కింద సైతం చెమటలు పట్టే రోజుల్లో ఆయన శాలువా మీద దుప్పటి కప్పుకొని వణికాడు. తెల్లవారుజామున కారును ఆనుకొని ఒక నల్లని గోడ కదిలింది. అది అడవిదున్న. భైరవుడు మొరగలేదు. ఆయన ఒడిలో తల దాచుకుంది.

మరునాడు ఊటీలో, కుక్కను నిజంగానే లోపలికి రానిచ్చే ఒక వసతి దొరికింది. రెండు రాత్రులకు ఆరు వేల రూపాయలు అదనం. పచ్చిక మీద పరుగెత్తవలసిన సెలవు ఫోను కాల్స్‌తోనే గడిచిపోయింది.

అయితే లెక్కల ఉపాధ్యాయిని సాయంత్రమే చేసిన ఒక పని తరువాత వారిని ఆదుకున్నది. కోపం చల్లారక ముందే ప్రకటన ప్రతి పేజీనీ ఫోనులో భద్రపరచింది. ఒరిగిన స్తంభాలను నాలుగు వైపుల నుండి ఫొటోలు తీసింది. యజమాని మాటలను యథాతథంగా వ్రాసి, “మీరు చెప్పినది ఇదే కదా” అని అతనికే సందేశం పంపింది. అతడు “అవును” అని బదులిచ్చాడు. వారం తరువాత ప్రకటన నుండి కంచె అన్న మాట మాయమైనది గాని, ఆమె ఫోను నుండి కాలేదు.

మొదటి ఫిర్యాదు బుకింగ్ కంపెనీకి వెళ్ళింది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇటువంటి సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపాలి, నెలలోగా పరిష్కరించాలి. జవాబు గడువులోనే వచ్చింది. మధ్యలో ఖాళీ చేసినవారికి సొమ్ము వాపసు ఇచ్చే నిబంధన లేదనీ, తదుపరి విహారానికి 1,000 రూపాయల కూపన్ ఇస్తామనీ దాని సారాంశం. కూపన్‌తో తీరని దుఃఖం లేదని ఈ కంపెనీల నమ్మకం కాబోలు!

తరువాత జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేశారు. ఈ సహాయవాణికి తీర్పు చెప్పే అధికారం లేదు. ఫిర్యాదును కంపెనీ ముందుంచి జవాబు రాబట్టడమే దాని పని. ఆ మాత్రానికే కంపెనీ కదిలి, ఉండని రెండు రాత్రుల అద్దె 14,000 రూపాయలు తిరిగి ఇచ్చింది. భర్తకు అది చాలుననిపించింది. “పోనిద్దూ, ఇంకా ఎక్కడ తిరుగుతాం?” అన్నాడు. “మీరు కారులో పడుకున్న రాత్రికి వాళ్ళు అద్దె తీసుకున్నారండీ,” అన్నది ఆమె.

తిరగవలసిన అవసరం నిజానికి లేదు. 1986 నాటి చట్టం ప్రకారమైతే ఎదుటి పక్షం ఉన్న చోటికో, వివాదం తలెత్తిన చోటికో వెళ్ళవలసి వచ్చేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ చిక్కు తొలగించింది. ఫిర్యాది తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే దావా వేయవచ్చు. చెల్లించిన విలువ అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. వకీలును పెట్టుకోనక్కరలేదు. కాలపరిమితి రెండేళ్ళు. లేని సౌకర్యాన్ని ఉన్నట్లు ప్రకటించడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. చెప్పిన సేవ అందకపోతే సేవాలోపమంటుంది.

ఆమె ఫిర్యాదు రెండు పేజీలు. మిగిలిన ఒక రాత్రి అద్దె, ఊటీలో అదనపు ఖర్చు, మనోవ్యథకు పరిహారం కోరింది. అందులో కాపలా మనిషి ప్రస్తావన లేదు. అతడు చెప్పిన మాట వారి పక్షాన అన్నిటికంటే బలమైన సాక్ష్యం. దానిని వాడితే అతని జీతం పోతుంది. ఈ ఒక్క విషయంలో భార్యాభర్తలకు అభిప్రాయభేదం రాలేదు.

కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపగా, ఉభయ పక్షాలూ అంగీకరించి కూర్చున్నాయి. ఫొటో తీసిననాడు కంచె ఉన్న మాట నిజమేనని యజమాని వాదించాడు. మేము చెల్లించిన నాడు ఉన్నదా అని ఆమె అడిగింది. అతని వద్ద జవాబు లేదు. ఏడు వేల అద్దె, ఆరు వేల ఖర్చు తిరిగి వచ్చాయి. మనోవ్యథ కింద ఆమె కోరినదానిలో సగం కూడా రాలేదు. బేరం అక్కడ ఆగింది. ప్రకటన సరిచేయాలన్న షరతు మాత్రం ఆమె వదలలేదు.

మరుసటి వేసవిలో ఆమె ఆ ప్రకటన తెరిచి చూసింది. కంచె పక్కన పడుకున్న కుక్క ఫొటో లేదు. దాని స్థానంలో వాలు, తేయాకు తోట, పొగమంచు ఉన్నాయి. కింద రెండు వాక్యాలు: తోటకు కంచె లేదు. రాత్రివేళ పెంపుడు కుక్కలను ఇంటి లోపలనే ఉంచవలెను.

భైరవుడు ఆమె పాదాల దగ్గర నిద్రపోతోంది. అద్దె మాత్రం తగ్గలేదు.