సలహా యెవరిది? లాభ మెవరికి?

ఆదోనిలో మేము నిత్యము వాడు "సలహా" అరబ్బీనుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చినది. మూలమున దాని కర్థము మేలు. మన "హితవు"నకును అర్థ మదియే.

ఎమ్మిగనూరునుండి వచ్చిన మా చెల్లెలు, భర్తృహీన, హక్కు విడుదల పత్రము చూపి, "చేవ్రాలు చేయుమని మా బావగారి సలహా, అక్కయ్యా" అనెను. ఆమె భాగము చేరునది ఆయనకే!

పలుకుబడి గలవారు అన్యాయలాభమునకై చేయించుకొన్న ఒడంబడికను 1872 నాటి చట్టముచే రద్దు చేయించుకొనవచ్చును. లాభాపేక్ష లేనివారి సలహా ఆమెకు దొరకెనా యని న్యాయస్థానము విచారించును. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, ఆదాయ మెంతయైనను, అట్టి సలహా నుచితముగా నిచ్చుచున్నది.

చెల్లెలు కాగితము మడచిపెట్టెను. సోదరీమణులారా, చేవ్రాలునకు ముందు మనమును అడుగుదము: సలహా యెవరిది, లాభ మెవరికి?