దాచని చెవి

1700 ప్రాంతమున ఇటలీలో క్రిస్టోఫోరి నిర్మించిన పియానోలో చిన్న సుత్తులు తీగలను కొట్టగా నాదము పుట్టెను. నేటి డిజిటల్ పియానోకు 88 మెట్లున్నవి గాని తీగలు లేవు. దాని నాదము మొదట విద్యుత్తు రూపమున నుండును. ఇంటిలో ఆ విద్యుత్తును కేబులు ద్వారా చేతి రికార్డరుకు నేరుగా అందించినచో, వీధి సందడిగాని పంకా రొదగాని అందు చేరవు.

అయినను ఒక జాగ్రత్త వలయును. బిగ్గరగా మ్రోగు భాగమును ముందు వాయించి, సూచిక తన పైహద్దయిన 0 డెసిబెల్లుకు చాల దిగువన నిలుచునట్లు సరిచేయవలెను. హద్దు మీరిన ధ్వనితరంగపు శిఖరము తెగిపోవును. దానిని మరల అతికింప తరము గాదు.

వాయించువాని చెవి తాను కోరినదానినే వినును. రికార్డరు జరిగినదానినే వినిపించును. తాళము తప్పిన చోటును అది దాచదు. దానిని ఓపికతో ఆలకించినవాడే మరునాడు మెరుగుగా వాయింపగలడు.