రెండేండ్ల బిడ్డతో పగటిపూట

వార్షిక సంచికలో ముసలివారి ముచ్చట ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చును. కళాశాల సంఘములోని పెద్దలలో మాత్రము మా వంటి కొలువున్నవారు కొందరైనా ఉందురు.

మా కుమార్తె, అల్లుడు ఇద్దరును హైదరాబాదులో ఉద్యోగస్థులు. వారి బిడ్డ ఏడాదిన్నర వయస్సు నుండి కర్నూలులో మా దంపతుల వద్ద పెరుగుచున్నది. మేము ఆమెకు నానా, నానీ. ఈ పిలుపు విన్న ప్రక్కింటి పిల్లవాడు తాతనే తండ్రి అనుకొని, "మీ నాన్నకు గడ్డము తెల్లబడినదే!" అని జాలిపడినాడు.

ఏటికొప్పాక లక్కబొమ్మలు ఎంతో ముచ్చటపడి తెప్పించినాము. అవి మూలనే ఉన్నవి. ఆమెకు కావలసినది మా చేతిలోని పని. వంటకు కూర్చున్న నానీ ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు కలిపి నేలపై పోయును. బిడ్డ వానిని రెండు బుట్టలలోనికి వేరుచేయును. నిండిన బుట్టలను తానే మరల క్రుమ్మరించును. ఈ విధముగా అరగంట గడచును. స్టీలు గిన్నెలకు మూతలు వెదకుట మరియొక ఆట. మంచముపై దుప్పటి కప్పినచో అదియే డేరా. అందు మేమును దూరవలెను. దాగుడుమూతలలో ఆమె కళ్ళు మూసుకొని, తాను ఎవరికిని కనబడుట లేదని నమ్మును. ఉప్పుమూట ఆట మాత్రము మా మోకాళ్ళ దయపై ఆధారపడినది. చెంబు, బకెట్టు ఇచ్చి నీళ్ళాట ఆడించునపుడు ప్రక్కనుండి కదలము; ఆట ముగియగానే బకెట్టు బోర్లించెదము. వామనగుంటల పలకను చింతగింజలతో సహా అటక ఎక్కించినాము. గింజ గొంతున అడ్డుపడు వయస్సు ఇది.

సెల్‌ఫోనులో రాత్రిపూట తల్లిదండ్రులను చూచును. పగలు దానిని బీరువాలో పెట్టెదము. ఈ వయస్సువారికి తెర ముందు దినమునకు గంటకు మించరాదనియు, ఒంటికి కదలిక మూడు గంటలైనను ఉండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఆ మూడు గంటలు మాకును తప్పుట లేదు.

మమ్ము కలవరపెట్టినది వేరొకటి. రెండేండ్లు నిండినను బిడ్డకు మాటలు సరిగా రాలేదు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు ఉండుటయే కారణమని చుట్టములు తీర్పు చెప్పిరి. ఉర్దూ మానుడని ఒకరు, తెలుగు మానుడని ఒకరు. రెండును మాని ఇంగ్లీషు నేర్పుడని వేరొకరు! తల్లి ఫోనులో ఏడ్చినది. ఒక భాష మానినచో నానీ ఈ బిడ్డతో మాటలాడుట మానవలెను, లేదా బిడ్డ వీధి గడప దాటుట మానవలెను. వైద్యునికి చూపినాము. ఆయన చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగున్నదనియు, రెండు భాషల వలన మాటలు ఆలస్యము కావనియు, రెండింటి మాటలను కలిపి లెక్కింపవలెననియు తెలిపినారు. ఆ రాత్రి మేమిద్దరము వ్రేళ్ళపై లెక్కించినాము: పానీ, నీళ్ళు, పిల్లి, బిల్లీ... ముప్పదియొకటి తేలినవి. చందమామ ఒక్కటే ఏ పద్దులో వేయవలెనో తెలియలేదు. రెండు భాషలలోను ఆయన మామయే కదా.

ఇప్పుడు బుట్టలోని ఉల్లిగడ్డను నానీకి ఇచ్చునపుడు "పియాజ్" అనుచున్నది. ప్రక్కింటి పెద్దమ్మకు ఇచ్చునపుడు "గడ్డ" అనుచున్నది. ఎవరికి ఏ మాటయో మేము నేర్పలేదు. ఆలుగడ్డను మాత్రము ఇద్దరి ఎదుటను "బంతి" అనియే విసరుచున్నది.