పసివాడి తొలి విమాన ప్రయాణం

మా తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళు విమానాన్ని "గాలి మోటారు" అంటారు. ఒకప్పుడు అది ఆకాశంలో వినిపిస్తే పిల్లలను వాకిట్లోకి పిలిచి చూపించేవారు. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కొడుకో, అల్లుడో పరదేశంలో ఉన్న ఇళ్ళు తక్కువేమీ కావు. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి బిడ్డకు ఏడాది నిండకుండానే తిరుగు ప్రయాణం కడుతుంది. విమానం రెండు రోజులుందనగా ఇంటిల్లిపాదీ ఆ బిడ్డతో డాక్టరు దగ్గరికి వస్తారు.

కిందటి చలికాలంలో మిర్యాలగూడ నుంచి ఒక అమ్మమ్మ పది నెలల మనవడిని అలాగే ఎత్తుకొని వచ్చింది. "సారూ, పిలగాడు గాలి మోటార్ల ఏడ్వకుండ జర నిద్రమందు రాసియ్యుండ్రి" అన్నది. చూస్తే పిల్లవాడికి ముక్కు కారుతున్నది, ఒళ్ళు వెచ్చగా ఉన్నది, కుడిచెవి పదేపదే లాక్కుంటున్నాడు. చెవిలోకి చూస్తే కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉన్నది. ప్రయాణం ఎల్లుండి. దుబాయిలో ఉన్న తండ్రి కొడుకు ముఖాన్ని ఇంతవరకు ఫోనులో తప్ప చూడలేదు.

అయినా ప్రయాణం వాయిదా వేయమనే చెప్పాను. కారణం వినండి.

విమానం 35 వేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్లుంటుంది. దిగేటప్పుడు ఆ ఒత్తిడి త్వరత్వరగా పెరుగుతుంది. మన చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి సన్నని గొట్టం ఒకటి ఉన్నది. గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకొని ఒత్తిడిని సరిచేస్తుంది. పసిపిల్లల్లో ఈ గొట్టం మరీ సన్నం. జలుబు చేస్తే మూసుకుపోతుంది. అప్పుడు కర్ణభేరి లోపలికి లాగబడి విపరీతమైన నొప్పి వస్తుంది. ఒక్కొక్కసారి చిరగవచ్చు కూడా.

నిద్రమందు మాటకు వస్తే, జలుబు మందులు, అలెర్జీ మందులు మత్తు కోసం పసిపిల్లలకు పట్టడం ప్రమాదం. ఊపిరి మందగించవచ్చు. పైగా నిద్రలో గుటకలు తగ్గి చెవినొప్పి ఎక్కువవుతుంది. ఈ రెండో సంగతి నాకు అనుభవంలోనే బాగా తెలిసివచ్చింది. మా మేనకోడలు బిడ్డతో విమానంలో నా పక్కనే కూర్చున్నది. దిగే ముందు పాలు పట్టడానికి లేపబోతే "పడుకోనివ్వమ్మా" అని నేనే వారించాను. పది నిమిషాలకు లేచిన ఆ బిడ్డ నేల మీదికి వచ్చేదాకా గుక్కపట్టి ఏడ్చింది. తప్పు నాదే.

కాబట్టి దిగడానికి అరగంట ముందు బిడ్డను లేపండి. ఆరు నెలల లోపు పిల్లలకు తల్లిపాలే పట్టాలి. పెద్దవాళ్ళకు నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి. చెవుల్లో దూది పెడితే ఒత్తిడి ఆగదు. పల్లీలు, గట్టి పిప్పరమెంట్లు చేతికివ్వకండి, గొంతుకు అడ్డుపడతాయి.

మన ప్రాంతంవారికి అసలు ప్రయాణం రోడ్డు మీదే మొదలవుతుంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. సూర్యాపేట నుంచి హైదరాబాదు 130 కిలోమీటర్ల పైమాటే. కోదాడ వారికి మరో 45 కలుస్తుంది. మిర్యాలగూడ వారు నల్లగొండ మీదుగా వచ్చి నార్కట్‌పల్లి దగ్గర ఇదే రోడ్డు ఎక్కుతారు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు పట్టుకుంటే నగరంలోకి పోనక్కరలేదు. విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరాలి కనుక, బిడ్డ విమానం ఎక్కేసరికే ఏడెనిమిది గంటలు గడిచిపోతాయి. దారిలో చిట్యాల దగ్గరో, చౌటుప్పల్ దగ్గరో బండి ఆపి పాలు పట్టండి, బట్టలు మార్చండి. కడుపునిండా కుక్కి తినిపిస్తే కారులోనే వాంతి చేసుకుంటాడు.

చేతిసంచిలో రెండు జతల బట్టలు, పలుచని దుప్పటి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, డాక్టరు మోతాదు రాసిచ్చిన పారాసిటమాల్, ఆ చీటీ ఉంచుకోండి. బిడ్డ పాలకు, మందులకు విమానంలో అనుమతి ఉన్నది. రెండేళ్ళ లోపు పిల్లలు ఒడిలో కూర్చుంటారు. సిబ్బంది ఇచ్చే చిన్న బెల్టు బిడ్డకు విడిగా పెట్టాలి. తల్లి బెల్టులోనే బిడ్డను కూడా బిగించకూడదు. నెలలు నిండకుండా పుట్టినవారు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు డాక్టరు అనుమతి లేకుండా ఎక్కరాదు. టీకాల కార్డు నెల ముందే చూపించుకోండి, రెండు రోజుల ముందు కాదు.

మిర్యాలగూడ అమ్మమ్మ, టికెట్టు మార్చడానికి అయిన డబ్బు చెప్పి నన్ను నాలుగు మాటలు అన్నది. నేను పడ్డాను. మందు పూర్తిచేసి, చెవి మళ్ళీ చూపించుకొని, పన్నెండో రోజున వాళ్ళు బయలుదేరారు. విమానం దిగేటప్పుడు పిల్లవాడు సీసాలో నీళ్ళు చప్పరిస్తూనే ఉన్నాడట. తండ్రి చేతుల్లోకి పోగానే మాత్రం, ఎవరో కొత్తవాడనుకొని ఏడుపు అందుకున్నాడట. ఆ ఏడుపుకు మందు అక్కరలేదు. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది.