ఉదయగిరి దారిలో క్యాంపర్

నెల్లూరు నుండి పడమరకు సాగే 67వ జాతీయ రహదారి సంగం, ఆత్మకూరుల మీదుగా వెలిగొండల వైపు వెళ్తుంది. సంగం వరకు దారికి ఇరుప్రక్కలా పెన్నా నీటితో పండే వరిచేలు. ఆత్మకూరు దాటిన కొంతసేపటికి ఆ పచ్చదనం పలచబడుతుంది. ఎర్రనేల, తుమ్మచెట్లు, రాళ్ళగుట్టలు, గొర్రెల మందలు ఎదురవుతాయి. రహదారిని వదిలి వాయవ్యంగా వెళ్తే నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉదయగిరి దుర్గం కనిపిస్తుంది. సముద్రమట్టానికి 3079 అడుగుల ఎత్తున్న ఆ కొండ, క్రింది పేటకు గోడలా నిలబడి ఉంటుంది.

ఈ దారిలో పికప్ బండి కనబడని ఘడియ ఉండదు. గొర్రెలు, గడ్డిమోపులు, సిమెంటు బస్తాలు, పెళ్ళివారి పందిరి గుంజలు, వంటపాత్రలు అన్నీ దానిమీదే. ఎడారివాసులకు ఒంటె ఎలాగో ఈ మెట్టప్రాంతానికి పికప్ అలాగని అంటే అతిశయోక్తి కాదు. ఒంటెను కొనేవాడు ముందు దాని కాళ్ళు, వీపు చూస్తాడు. పికప్ కొనేవాళ్ళలో మాత్రం చాలామంది రంగును, ముందుభాగపు ఠీవిని చూసి బయానా ఇచ్చేస్తున్నారు.

బరువులు మోయడం ఉదయగిరికి క్రొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో గజపతుల నుండి ఈ దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని రాతి విగ్రహాన్ని అంతదూరాన ఉన్న హంపీకి తరలించి అక్కడ ఆలయం కట్టించాడు. ఇంజన్లు లేని ఆ రోజులలో కొండ మీది రాతిని క్రిందికి దించి, వెలిగొండలు దాటించి తీసుకుపోయినవారికి ఎద్దుల సత్తువ ఎంతో, వాలు ఎంతో, బండి ఇరుసు ఎంత బరువుకు ఆగుతుందో లెక్క తెలిసే ఉంటుంది. ఆ లెక్కే నేడు మన ఇళ్ళలో కొరవడుతున్నది.

ఉదయగిరిలోని ముస్లిం కుటుంబాలకు పేరు తెచ్చినది చెక్క చెంచాల పని. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చేతిపనిలో అధికభాగం స్త్రీలదే. కొండచెక్కను చెక్కి, అరగదీసి, నునుపుచేసి గరిటెలు, చెంచాలు, ముళ్ళచెంచాలు తీర్చిదిద్దుతారు. ఇక మగవారిలో ఎందరో గల్ఫ్ దేశాలలో డ్రైవర్లు. మా ఆపా ఇల్లు అలాంటిదే. ఆమె చెంచాలు చేస్తుంది. కుమారుడు పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంటి బండి నడిపి ఇటీవల తిరిగివచ్చాడు.

కువైట్‌లో నవంబరు మధ్య నుండి మార్చి మధ్య వరకు ఎడారి గుడారాల కాలం. నగరవాసులు కుటుంబాలతో సహా ఇసుకనేలకు వెళ్ళి వారాల తరబడి విడిది చేస్తారు. పెద్ద పికప్‌ల వెనుక చక్రాల ఇళ్ళు కట్టి లాక్కుపోతారు. వాటినే క్యాంపర్ అంటారు. లోపల పడకలు, వంటగది, స్నానపుగది ఉంటాయి. ఏటా వాటిని లాగిన మా మేనల్లుని మనసులో ఒక కోరిక నాటుకున్నది. “మామూ, మంచి డీజిల్ పికప్ కొని, వెనుక పెద్ద క్యాంపర్ కట్టిస్తాను. అమ్మీకి మోకాళ్ళ నొప్పి. ప్రయాణంలో వుజూకు, మరుగుకు ఎంత అవస్థపడుతుందో మీకు తెలుసు కదా. ప్రదర్శనలకు చెంచాలు తీసుకువెళ్ళవచ్చు, ఖాళీ రోజుల్లో అద్దెకిచ్చుకోవచ్చు” అన్నాడు.

కోరికలో తప్పేమీ లేదు. దారిలో పర్దాకు, శుభ్రతకు చోటు దొరకక నీళ్ళు త్రాగడం మానేసి ప్రయాణించే తల్లులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. అయితే అతని చేతిలో ఉన్న సొమ్ము ఒక్క బండికే సరిపోతుంది. వడ్డీ అప్పు చేయనని ముందే నిశ్చయించుకున్నాడు. కనుక ఎంపిక తప్పితే దిద్దుకోవడానికి రెండవ అవకాశం లేదు. పదకొండేళ్ళ ఎడబాటు వెల ఇనుపతుక్కుగా వాకిట్లో నిలబడిపోతుంది. అందుచేత మేమిద్దరం కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాము.

మొదట వ్రాసినది బండి పేరు కాదు, క్యాంపర్ బరువు. ఒక కుటుంబం హాయిగా ఉండగల పెద్ద క్యాంపర్ సామానుతో కలిపి 3500 కిలోలు తూగడం మామూలే. ఒక లీటరు నీరు ఒక కిలో. వుజూకు, స్నానానికి 200 లీటర్ల తొట్టి నింపితే 200 కిలోలు అందులోనే చేరుతుంది. ఈ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. పదోవంతు నుండి ఏడింట ఒక వంతు దాకా కొక్కెం మీద, అంటే లాగే బండి వీపు మీద పడాలి. అంతకంటే తక్కువైతే వేగంలో క్యాంపర్ పాముతోకలా అటూ ఇటూ ఊగుతుంది; బోల్తాకు అదే నాంది. 3500 కిలోల క్యాంపర్‌కు కొక్కెం మీది భారం 350 నుండి 500 కిలోలు. పికప్ మోయగల బరువులోనుండి దీనిని, ఎక్కిన మనుషుల బరువును, వెనుక తొట్టిలో వేసిన సామాను బరువును తీసివేయాలి. మిగిలేది ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంజన్. భారం లాగడానికి డీజిల్ మేలనే మాట నిజమే. తక్కువ చుట్ల దగ్గరే దాని లాగుడుశక్తి, మెకానిక్‌లు టార్క్ అనేది, అందివస్తుంది. కానీ డీజిల్ అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. అమెరికాలో ఇలాంటి క్యాంపర్లను లాగే ఫోర్డ్, రామ్, షెవర్లే సంస్థల భారీ డీజిల్ పికప్‌లకు ఆరున్నర లీటర్లకు మించిన ఇంజన్లు, 1200 న్యూటన్ మీటర్లు దాటిన టార్క్ ఉంటాయి. అవి మన దేశపు విపణిలో లేవు. మన దారులలో తిరిగే మహీంద్రా బొలెరో పికప్‌ది రెండున్నర లీటర్ల ఇంజన్, టార్క్ దాదాపు 200. టాటా యోధా 2.0 ది 2.2 లీటర్లు, 250. మోసే బరువు 2 టన్నులు. రెండూ ఈ ప్రాంతంలో తమను తాము నిరూపించుకున్న తరహా బండ్లే. అయితే తొట్టిలో రెండు టన్నులు మోయడం వేరు, వెనుక మూడున్నర టన్నులు లాగడం వేరు. తొట్టిలోని బరువు బండితోపాటే ఆగుతుంది. వెనుక కట్టిన బరువు మనం ఆగినా ముందుకు నెడుతుంది.

మేనల్లుడు ఇసుజు మాట ఎత్తాడు. అది మన పొరుగుదే. శ్రీసిటీలో ఆ సంస్థ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అక్కడ తయారయ్యే డీ-మ్యాక్స్ శ్రేణి గట్టి బండ్లని నా అభిప్రాయం కూడా. ఆస్ట్రేలియాలో 3 లీటర్ల ఇంజన్ గల డీ-మ్యాక్స్‌కు బ్రేకులున్న ట్రైలర్‌ను 3500 కిలోల వరకు లాగే అనుమతి ఉన్నది. అతడు చూసిన చిత్రాలు అక్కడివే. ఇక్కడ అమ్మే వీ-క్రాస్ ఇంజన్ 1.9 లీటర్లు. ఒకే పేరున్న రెండు బండ్లు ఒకే పని చేస్తాయని అనుకోరాదు. ఇంత బరువు లాగవచ్చునని తయారీదారు ఆ నమూనాకే, ఈ దేశంలోనే, లిఖితపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే కొక్కెం తగిలించరాదు. అమ్మకందారు నోటిమాట, వెల్డింగ్ షాపువాని భరోసా ఇందుకు చాలవు. కమ్మీపట్టీలు ఇంకో రెండు వేయిస్తే బండి వెనుకభాగం కుంగదు, నిజమే. బ్రేకులు మాత్రం పెరగవు.

ఇక వాలు. మర్రిపాడు దాటి బద్వేలు వైపు వెళ్ళాలంటే వెలిగొండలను దాటాలి. కువైట్ ఇసుకనేల బల్లపరుపు. అతని పదకొండేళ్ళ అనుభవంలో లేనిది ఇదే. పికప్, క్యాంపర్ కలిపి 6500 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తుమీద, కేవలం ఆ బరువు వెనక్కి జారకుండా పట్టి ఉంచడానికే 520 కిలోల బలం కావాలి. ఎక్కేటప్పుడు ఇంజన్ ఆ పని చేయాలి. అది వేడెక్కితే నిలిపి చల్లార్చుకోవచ్చు. దిగేటప్పుడు అదే 520 కిలోలు వెనుకనుండి త్రోస్తుంది, అప్పుడు మలుపు మన కోసం ఆగదు. బ్రేకు తొక్కిపట్టి దిగితే కాసేపటికి పలకలు కాగి పట్టు వదులుతాయి. ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో అంతకంటే పై గేరులో దిగకూడదని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఇందుకే. పెద్ద క్యాంపర్‌కు దాని స్వంత బ్రేకులు, అవి లాగే బండి బ్రేకులతో కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి.

“అమ్మీ క్యాంపర్‌లో పడుకుని రావచ్చు కదా మామూ?” అని అడిగాడు. రాకూడదు. లాగబడే క్యాంపర్‌లో నడుస్తుండగా మనుషులు ఉండరాదు. అది నిలిపిన తర్వాతనే ఇల్లు. ఈ సందర్భంలో ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. మన పెళ్ళిళ్ళకు, అనుమసముద్రంపేట దర్గాకు, నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్ళే బండ్లలో సరుకుల తొట్టెలో కూర్చున్న స్త్రీలను, ఒడిలో పసిపిల్లలను ఎన్నోసార్లు చూస్తుంటాము. పట్టుకోవడానికి కమ్మీ తప్ప మరేమీ ఉండదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది బండి ఏ పనికి నమోదైనదని, అందులో ఎన్ని సీట్లున్నవని. బాడుగలో మిగిలే కొద్ది డబ్బు కోసం ఇంటి ఆడవాళ్ళను గొర్రెల బండిలో ఎక్కించే పెద్దమనిషి, ఆ రాత్రి వారి క్షేమం కోసం దుఆ చేయడం నాకు వింతగా తోస్తుంది.

లైసెన్సు విషయంలో ఒక మేలు జరిగింది. తేలికపాటి వాహన లైసెన్సు గలవారు మొత్తం బరువు 7500 కిలోలు మించని రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండా నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అయితే ట్రైలర్‌కు వేరుగా నమోదు కావాలి. వెల్డింగ్ షాపులో చేయించినంత మాత్రాన అది రోడ్డెక్కే వాహనం కాదు.

నమ్మకమైన బండి అనే మాటకు ఆత్మకూరులోని ఒక ముసలి మెకానిక్ చెప్పిన అర్థం నాకు నచ్చింది: “చెడిపోని బండి లేదు సాయిబూ. చెడిపోయిన సాయంత్రానికి సామాను దొరికేదే మంచి బండి.” ఉదయగిరిలో ఇంజన్ మొరాయిస్తే విడిభాగం ఎక్కడినుండి, ఎన్నాళ్ళకు వస్తుందో కొనకముందే విచారించాలి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టపు మసిని పట్టే వడపోత ఉంటుంది. పేటలోనే చిన్నచిన్న దూరాలు తిప్పితే అది పూడుకుపోతుంది. అప్పుడప్పుడు రహదారిపై నిలకడైన వేగంతో నడిపితేనే లోపలి మసి కాలిపోతుంది. డీజిల్ ఫిల్టరులో చేరే నీటిని కాలానికి తీసివేయాలి. కొండ ఎక్కి ఆపగానే తాళం త్రిప్పకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిరగనిస్తే టర్బో మన్నుతుంది. పాతబండి కొనేవారైతే చల్లని ఇంజన్‌ను తమ ఎదుటే స్టార్ట్ చేయించాలి. నీలిపొగ ఆయిలు కాలుతున్నదని చెబుతుంది. వేడెక్కినా ఆగని తెల్లపొగ ఇంకా ఖరీదైన కబురు.

ఇవన్నీ వ్రాసి చూసుకున్నాక పెద్ద క్యాంపర్ కాగితం మీదే ఆగిపోయింది. దానిని భద్రంగా లాగగల బండి ఇక్కడ దొరకదు. దొరికే బండికి అది తగదు. మేనల్లుని ముఖం చిన్నబోయింది. అప్పుడు ఆపా నవ్వుతూ, “క్యాంపర్ అంటే బొలెరో క్యాంపరే అనుకున్నాను నేను. ఇన్నాళ్ళూ దేనికి ఇంత లెక్క?” అన్నది.

నిజమే, ఈ నేలమీద క్యాంపర్ అంటే జనానికి తెలిసినది అదే. మహీంద్రావారి నాలుగు తలుపుల డీజిల్ పికప్ పేరు. ముందు అయిదుగురికి సీట్లు, వెనుక సుమారు టన్ను బరువు పట్టే తొట్టి. ధర పది లక్షలకు అటూ ఇటూ. వీ-క్రాస్‌కు అంతకు రెట్టింపు పైనే కావాలి. దాని కుదుపు వెనుక సీటువారికి హాయి అనిపించదు, బస్సు మెత్తదనం ఆశించేవారు కొనకూడదు. కానీ అమ్మీ సీటు మీద, బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. వెనుక మడతమంచం, గుడారం, రెండు నీళ్ళ క్యాన్లు, మరుగు కోసం నిలువుగా నిలబెట్టే చిన్న గుడారం, కాళ్ళు వంచనవసరం లేని కుర్చీ కమోడు, జానమాజులు అన్నీ కలిపి నూరు కిలోలు దాటవు. మిగిలిన చోటు చెంచాల మూటలకు.

రెండు నెలల వాడకం తర్వాత మొన్న సోమశిల జలాశయం దగ్గరకు వెళ్ళివచ్చారు. అసర్ నమాజు నీటి ఒడ్డున చేసుకున్నారట. ఆపా దారిలో రెండుసార్లు నీళ్ళు అడిగి త్రాగిందని మేనల్లుడు ఫోనులో ప్రత్యేకంగా చెప్పాడు. క్యాంపర్ కోసం అనుకున్న సొమ్ములో మిగిలినది చెల్లెలి నర్సింగు చదువుకు పక్కన పెట్టాడు. తయారీదారు ఒప్పుకుంటే చిన్న ట్రైలర్ ఒకటి, సామానుకు మాత్రమే, కట్టించుకోవచ్చునా అని మళ్ళీ అడుగుతున్నాడు. ఒక వర్షాకాలం గడవనీ బేటా, తర్వాత చూద్దామన్నాను. ప్రస్తుతానికి ఆ బండి వెనుక కొక్కెం లేదు.