నల్ల ఇసుక దగ్గర నది మౌనం

సూరత్ నగరం నుండి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్లు పోతే డుమస్ గ్రామం, దాని ముందు నల్లని ఇసుకతో సముద్రతీరం కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఇక్కడ ఎవరో గుసగుసలాడతారనీ, ఇది ఒకప్పటి శ్మశానమనీ జనశ్రుతి. అయినా టమాటా బజ్జీల అంగళ్ళ ముందు గుంపు తగ్గదు. దయ్యాల మాట అటుంచి, చెవి ఒగ్గి వినదగినది ఇక్కడ మరొకటి ఉన్నది.

ఈ చేరువలోనే తపతి సముద్రంలో కలుస్తున్నది. ఆదిపర్వంలో సంవరణుని వరించిన సూర్యపుత్రి పేరే ఈ నదిది. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద, సాత్పురా ఎత్తులలో పుట్టి 724 కిలోమీటర్లు నడిచి వస్తుంది. కొండవాగుగా గలగలలాడిన నీరు ఇక్కడికి వచ్చేసరికి మూగపోతుంది. ఎందువల్ల?

నీటికి తనంతట స్వరం లేదు. 1933లో డచ్చి ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మిన్నార్ట్ ఈ రహస్యం విప్పాడు. రాళ్ళమీద దూకే నీరు గాలిని మింగుతుంది. ఆ బుడగలు చిరుగంటల వలె మ్రోగుతాయి. ఆవగింజంత బుడగ సెకనుకు 3,000కు పైగా కంపిస్తుంది. బుడగ పెరిగిన కొద్దీ శ్రుతి తగ్గుతుంది. కొండలలో వాలున్నది, రాళ్ళున్నాయి. ఇక్కడ ఉన్నవి బురద, ఆటుపోట్లు.

ఈ స్వరభేదాన్ని కళగా మలచినవారిలో ఆనియా లాక్‌వుడ్ ముఖ్యురాలు. న్యూజిలాండులో జన్మించిన ఈ స్వరకర్త 1982లో అమెరికాలోని హడ్సన్ నదిని పర్వతాలలోని పుట్టుక నుండి అట్లాంటిక్ వరకు ధ్వనులలోనే చిత్రించింది. పిమ్మట డాన్యూబ్ నది అడుగుకు మైకులు దింపింది. అటువంటి మైకులతోనే నదీశాస్త్రజ్ఞులు ఏటి అడుగున దొర్లే గులకరాళ్ళ చప్పుడు విని, ప్రవాహం ఎంత రాతిని మోసుకుపోతున్నదో అంచనా కడతారు. ఒకరికి సంగీతం, మరొకరికి లెక్క.

తపతికి అటువంటి ధ్వనిపటం గీయబూనితే, అది 1972లో పూర్తయిన ఉకాయి ఆనకట్ట దగ్గర తెగుతుంది. ఎగువ గులకరాళ్ళు జలాశయంలోనే నిలిచిపోతాయి. వరద మాత్రం నిలవలేదు. 2006 ఆగస్టులో సూరత్ అధికభాగం మునిగింది.

సెలవునాటి సాయంత్రం మరమగ్గాల కార్మికులు కుటుంబాలతో ఈ తీరానికి వస్తారు. సూరత్ మగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వలసవచ్చినవారు ఎందరో. ఏళ్ళ తరబడి మగ్గాల హోరు విన్న చెవి మొదట పోగొట్టుకునేది సెకనుకు 3,000 నుండి 6,000 కంపనాల మధ్యనున్న సన్నని శబ్దాలను. అనగా, కొండవాగులోని ఆవగింజంత బుడగల పాటను.

నీరు వెనుకకు తీసినప్పుడు తడి ఇసుకలో బుడగలు చిట్లుతాయి. పిల్లలు వంగి వింటారు. వెనుక నిలిచిన తండ్రికి వినబడేది అలల హోరే.