బాటపైని ఇల్లు

మానవుడు ఇల్లు కట్టుకొని స్థిరముగా నుండుట నేర్చినను సంచారముపై మక్కువ వానిని విడువలేదు. ఇంటిని వదలలేక, ప్రయాణమును మానలేక, కడకు ఇంటికే చక్రములు అమర్చినాడు. పాశ్చాత్య దేశములలో పడకయు పొయ్యియు గల మోటారు గృహములలో కుటుంబములు వినోదార్థము దేశాటనము చేయుచుండును. మన దేశమున అట్టి బండ్లు అరుదు. కాని వినోదమునకు గాక, బ్రతుకుతెరువు కొరకు బండినే ఇల్లుగా చేసికొన్నవారు మనలో లక్షలమంది కలరు. వారే లారీ డ్రైవర్లు, క్లీనర్లు.

నెల్లూరు తీరమునకు ఇట్టి జీవితము క్రొత్తది కాదు. పూర్వము బకింగ్‌హాం కాలువపై సరకులు మోయు పడవలవారు పడవలోనే వండుకొని, పడవలోనే నిద్రించెడివారు. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తుదురు. లేనిచో గట్టుపై నడచుచు త్రాటితో పడవను లాగుదురు. కాలువ పూడి, పడవలు సన్నగిల్లిన పిదప సరకు రహదారి కెక్కినది. నేడు కలకత్తా నుండి చెన్నైకి పోవు 16వ నంబరు జాతీయ రహదారి కావలి, కోవూరు, నెల్లూరు, మనుబోలు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేటల మీదుగా సాగును. 2008లో కృష్ణపట్నము రేవు ప్రారంభమైన తరువాత ఈ బాటపై లారీల రద్దీ మరింత పెరిగినది. బియ్యము, రొయ్యలు, బొగ్గు, ఇనుము రేయింబవళ్ళు కదలుచుండును. సీటు వెనుక చిన్న బల్ల, ఒక పొయ్యి, బియ్యపు మూట, అద్దము పైన దేవుని పటము, ముందు వ్రేలాడు నిమ్మకాయ దండ: అదియే డ్రైవరు సంసారము.

ఇల్లు కదలునది యైనపుడు, అది ఆగిపోవుటయు తప్పదు. మోటారు చరిత్రలో తొలి దూరప్రయాణమునకే ఈ చిక్కు తప్పలేదు. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను సాహసి, తన భర్త నిర్మించిన మూడు చక్రముల బండిలో ఇద్దరు కుమారులతో మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. దారిలో ఇంధనము వచ్చు గొట్టము పూడుకొనగా, ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రము చేసెను. ఇంధనము తరిగిపోగా మందుల దుకాణములో కొనెను. బ్రేకు చెక్కలు అరిగిపోగా చర్మకారుని చేత తోలు కొట్టించెను. యంత్రమును ఎరిగినవారికి చేతనున్న వస్తువే పనిముట్టగునని ఆమె లోకమునకు చూపినది.

మన లారీవారి విద్యయు అట్టిదే. రేడియేటరు కాగి ఆవిరి చిమ్మినపుడు అనుభవము లేనివాడు తొందరపడి మూత తిప్పును. మరిగిన నీరు ఎగసి ముఖము కాల్చును. అనుభవశాలి ఇంజను చల్లారువరకు వేపచెట్టు నీడన కూర్చుండును. డీజిలు అడుగంటి గొట్టములలో గాలి చేరినచో, మరల డీజిలు పోసినంత మాత్రమున ఇంజను కదలదు. మర వదులు చేసి, చేతి పంపు కొట్టుచు, బుడగలు లేని ధార వచ్చువరకు ఓర్పుతో గాలిని వెడలింపవలెను. కమాను పట్టా విరిగినచో ఇరుసుపై కొయ్యదిమ్మ నిలిపి, గొలుసుతో బిగించి, చీమ నడకతో తరువాతి ఊరి షెడ్డు చేరుదురు. సముద్రపు ఉప్పుగాలి బ్యాటరీ తీగల కొనలను, ఇనుప మరలను తినివేయును. కనుక తీరవాసి డ్రైవరు వానిని తరచుగా తుడిచి చూచుకొనుచుండును. పానాల సంచి మోయుచు, టార్చిలైటు పట్టుచు, క్లీనరు కుర్రవాడు ఈ విద్యనంతయు బాటమీదనే అభ్యసించును.

కాలము మారినది. 2020 ఏప్రిల్ నుండి క్రొత్త లారీలకు కఠినమైన పొగ నియమములు వచ్చినవి. ఇంజనులలో సూక్ష్మమైన విద్యుత్పరికరములు చేరినవి. వాని లోపము కనిపెట్టుటకు పానా చాలదు. పరీక్షాయంత్రముతో నిపుణుడు రావలెను. జాతీయ రహదారిపై చిక్కుకొన్నవారు 1033 సంఖ్యకు ఫోను చేసి సాయము కోరవచ్చును. ఒక్కొక్కప్పుడు బండి చక్కగా నున్నను బాటయే చెడును. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు సమీపమున పడుగుపాడు కడ రహదారిని కోసివేసెను; రైలు పట్టాల క్రింది కట్టయు కొట్టుకొనిపోయెను. ఇరుప్రక్కల బండ్లు బారులు తీరి నిలిచిపోయెను. ఆనాడు ఎంతటి మెకానికు విద్యయు అక్కరకు రాలేదు. వరద తగ్గువరకు ఓర్చుకొనుటయే మిగిలిన ఉపాయము.

యంత్రములు ఎంత మారినను మారని ధర్మము ఒకటి కలదు. బండి ఆగిన మరుక్షణమున డ్రైవరు తలంపవలసినది తన సరకును గూర్చి గాదు, వెనుక వచ్చువారిని గూర్చి. చీకటిలో దీపము లేక నిలిచిన లారీ గోడవంటిది. వేగముగా వచ్చువానికి అది కనబడునప్పటికి సమయము మించిపోవును. అందుకే ఇతరులకు ప్రమాదము కలుగునట్లు బండిని నిలుపరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. బండిని వీలైనంత అంచునకు చేర్చి, దీపములు వెలిగించి, ఎర్రగా మెరయు త్రికోణ ఫలకమును వెనుక దూరముగా నుంచవలెను.

ఫలకము లేనివారు పెద్ద రాళ్ళను, చెట్టుకొమ్మలను పేర్చుట పల్లెబాటలలో పరిపాటి. మరమ్మతు ముగిసి ఇంజను మ్రోగగానే, పోయిన కాలమును పూడ్చుకొనవలెనను ఆతురత కలుగును. అప్పుడు కొందరు రాళ్ళను బాటపైననే వదలి సాగిపోవుదురు. తమ్ము కాపాడిన ఆ రాయియే పిదప చీకటిలో సైకిలుపై ఇల్లు చేరు కూలివానిని పడవేయును. అతనికి ఏమైనదో వారికెన్నడును తెలియదు. మంచి డ్రైవరు అట్లు చేయడు. ఎంత ప్రొద్దుపోయినను, ఎంత అలసినను, దీపము పట్టుకొని వెనుకకు నడచి, పెట్టిన రాళ్ళను ఒక్కొక్కటిగా లెక్కించి ప్రక్కకు దొర్లించును. అప్పటికి గాని అతని మరమ్మతు పూర్తికాదు.